ఆకాశపు ఇనుము, నేలమీది లెక్క



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ మాస్టారిని ఈ సభకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. జిల్లా కళాశాలలో భూగర్భశాస్త్రం చెబుతూ, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తెచ్చిచ్చే రాళ్లకు ఆయన ఒక చిట్టా రాసి పెట్టేవారు. ఆ చిట్టాలో రాయి పేరు ఆఖరి గడిలో ఉండేది. ఎవరు తెచ్చారు, ఏ ఊళ్లో ఏ చేనులో దొరికింది, అంతవరకు దాన్ని ఇంట్లో దేనికి వాడుకున్నారు అన్న మూడు గడులు నిండితేనే పేరు వంతు వచ్చేది. పరీక్షలో మార్కులు తేని ఆ మూడు గడుల మీద ఆయనకెందుకంత పట్టుదల అని విద్యార్థులు విసుక్కున్న మాట నిజమే. ఇనుప ఉల్కల చరిత్ర చూస్తే ఆ పట్టుదల సబబే అనిపిస్తుంది. ఈనాటి వాదమంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ప్రదర్శనశాలల్లో పోగుపడిన ఆకాశపు ఇనుము ఆకాశంలోని పాళ్లను చూపదు. దాన్ని చూసిన కళ్లను, వాడిన చేతులను, వెతికిన పనిముట్లను చూపిస్తుంది. కాబట్టి దొరికిన తీరు తెలియనిదే దొరికినదాని లెక్క తేలదు.

1. లెక్కలో తేడా

ఇనుప ఉల్క అంటే ప్రధానంగా ఇనుము, నికెల్ కలిసిన లోహపు ముద్ద. నికెల్ చాలావాటిలో 5 నుంచి 20 శాతం లోపు ఉంటుంది. కోబాల్టు అర శాతం అటూ ఇటూగా ఉంటుంది. మధ్యమధ్య గంధకంతో కలిసిన ఇనుము, అంటే ట్రాయిలైట్, కంచు రంగు బొట్లుగా కనబడుతుంది. ఫాస్ఫరస్ కలిసిన ష్రైబర్‌సైట్, కొన్నిటిలో గ్రాఫైట్ కూడా ఉంటాయి.

సౌరకుటుంబం ఏర్పడిన తొలినాళ్లలో కొన్ని గ్రహశకలాలు తమలోని రేడియోధార్మిక అల్యూమినియం పుట్టించిన వేడికి కరిగాయి. బరువైన లోహం మధ్యకు దిగి గర్భంగా గట్టిపడింది. తరవాత ఒకదాన్నొకటి ఢీకొనడంతో ఆ శకలాలు పగిలి, లోపలి లోహం బయటపడింది. ఇనుప ఉల్కలన్నీ ఇలాంటి గర్భాల నుంచే వచ్చాయని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటాయి. కానీ కొన్ని జాతులు గర్భం దాకా దిగనేలేదు. ఢీకొన్న దెబ్బకు రాతి మధ్యే కరిగి మడుగులుగా నిలిచిన లోహం అవి.

ఇక లెక్క. పడుతుండగా జనం చూసి, వెంటనే వెతికి తెచ్చిన ఉల్కలు ప్రపంచం మొత్తం మీద వెయ్యికి పైచిలుకు. వాటిలో ఇనుపవి యాభై వరకే. అంటే నూటికి నాలుగైదు. మిగిలినవి దాదాపు అన్నీ రాతి ఉల్కలు. కానీ మనుషుల దగ్గర పోగుపడిన ఉల్కలన్నిటినీ ఒకచోట చేర్చి తూకం వేస్తే, బరువులో ఎనభై శాతానికి పైగా ఇనుముదే. అతి పెద్ద ఉల్కల జాబితా రాస్తే మొదటి వరుసలన్నీ ఇనుపవే. నూటికి నాలుగైదుగా పడేది తూకంలో ఇంత ఎలా అయింది?

మొదటి కారణం అంతరిక్షంలోనే ఉంది. విశ్వకిరణాల తాకిడి వల్ల ఉల్కలో పుట్టే పరమాణువులను కొలిచి, అది ఎంతకాలం చిన్న ముక్కగా తిరిగిందో చెప్పవచ్చు. రాతి ముక్కలకు ఆ వయసు చాలావరకు కొన్ని కోట్ల ఏళ్లు దాటదు. ఇనుప ముక్కలకు వందకోట్ల ఏళ్ల దాకా కూడా ఉంటుంది. రాయి దారిలోనే చిన్నచిన్న దెబ్బలకు పిండవుతుంది, ఇనుము తట్టుకుంటుంది. గాలిపొరలోకి దిగేటప్పుడూ అదే కథ: రాయి ముక్కచెక్కలవుతుంది, ఇనుము పెద్ద ముద్దగానే దిగగలదు. నేలమీద పడ్డాక రాతి ఉల్క వానకు, ఎండకు కొన్ని వేల ఏళ్లలో మట్టిలో కలిసిపోవచ్చు. ఇనుప ఉల్క పైపైన తుప్పుపట్టినా లోపల చాలాకాలం నిలుస్తుంది. ఈ మూడు జల్లెడలూ ప్రకృతివి. నాలుగోది మనిషిది. రాతి ఉల్క పక్కనున్న మామూలు రాయిలో కలిసిపోతుంది. ఇనుప ఉల్క చేతికి తీసుకోగానే ఇది ఈ నేల రాయి కాదని తెలిసిపోతుంది, ఎందుకంటే అదే పరిమాణం ఉన్న రాయికి అది రెట్టింపు పైగా బరువు తూగుతుంది.

2. కోసి చూస్తే

గుర్తుపట్టే పని ఇంటి దగ్గరే మొదలవుతుంది. అయస్కాంతం అంటుకోవాలి, బరువు అనుమానం పుట్టించాలి. పైభాగం మీద బంకమట్టిని బొటనవేళ్లతో నొక్కినట్టు గుంటలుండవచ్చు. గాలిలో దూసుకొచ్చేటప్పుడు పైపొర అసమానంగా కరిగిపోవడం వల్ల అవి ఏర్పడతాయి. కొత్తగా పడినదైతే నలుపు, నీలం కలిసిన పలుచని పొర కప్పుకొని ఉంటుంది.

తెలుగు నేల మీద ఒక జాగ్రత్త అవసరం. తెలంగాణలో శతాబ్దాల తరబడి ఇనుము కాచారు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయిన సరుకు. అలాంటి ఊళ్ల చుట్టూ ఇనుప చిట్టెం కుప్పలు నేటికీ దొరుకుతాయి. నల్లగా, బరువుగా, ఒక్కోసారి అయస్కాంతానికి అంటుకుంటూ ఉండే ఆ చిట్టెమే ఉల్కగా ఎక్కువసార్లు పరీక్షకు వస్తుంది. విరిచి చూస్తే చిట్టెంలో గాలి బుడగల చిల్లులుంటాయి. ఇనుప ఉల్క లోపల చిల్లులుండవు. మాగ్నటైట్ కూడా అయస్కాంతానికి గట్టిగా అంటుకుని మోసం చేస్తుంది, కానీ దాన్ని గరుకు పింగాణీ మీద గీస్తే నల్లని గీత పడుతుంది, కొడితే పగులుతుంది. ఇనుప ఉల్క సుత్తి దెబ్బకు సొట్టపడుతుంది.

ఆకురాయితో ఒక మూల అరగదీస్తే తెల్లని లోహం మెరుస్తుంది. అయినా అది పాత యంత్రపు ముక్క కావచ్చు. ఇక్కడ నికెల్ తీర్పు చెబుతుంది. చిన్న ముక్కను ఆమ్లంలో కరిగించి, అమ్మోనియా కలిపి, డైమిథైల్ గ్లయాక్సిమ్ చుక్క వేస్తే నికెల్ ఉన్నచోట ముదురు గులాబీ రంగు తేలుతుంది. మామూలు పోత ఇనుములో నికెల్ లెక్కలోకి రానంత తక్కువ. నికెల్ ఉక్కుతో చేసిన వస్తువులూ ఉంటాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు.

చివరి మాట లోపలి అల్లికది. ఉల్కను రంపంతో పలుచగా కోసి, అద్దంలా మెరిసేదాకా నునుపుచేసి, ఆల్కహాలులో కొద్దిగా నత్రికామ్లం కలిపిన ద్రావణాన్ని దూదితో అద్దుతారు. మొదటి నిమిషంలో ఏమీ కనబడదు. తరవాత ఉపరితలం మసకబారుతుంది. ఆ మసకలోంచి బూడిదరంగు పట్టీలు, వాటి అంచుల్లో సన్నని వెండి గీతలు, మూడు నాలుగు దిక్కుల్లో ఒకదాన్నొకటి కోసుకుంటూ తేలతాయి. వెడల్పు పట్టీలు నికెల్ తక్కువగా ఉన్న కామసైట్, మెరిసే అంచులు నికెల్ ఎక్కువగా ఉన్న టీనైట్. 1808లో వియన్నాలో అలోయిస్ విడ్మన్‌స్టాటెన్ వీటిని గమనించాడని ఆయన పేరే వాటికి నిలిచింది. 1804లోనే నేపుల్స్‌లో విలియం థామ్సన్ ఇవే గీతలు చూసి ప్రచురించాడు. పేరు మాత్రం వియన్నాకే దక్కింది.

ఈ గీతలు ఏ కొలిమిలోనూ రావు. ఘనలోహం 700 డిగ్రీల చుట్టుపక్కల వేడి నుంచి పది లక్షల ఏళ్లకు కొన్ని డిగ్రీల నుంచి కొన్ని వేల డిగ్రీల చొప్పున చల్లబడితేనే నికెల్ పరమాణువులు ఒకచోటి నుంచి మరోచోటికి కదిలి ఈ పట్టీలను కడతాయి. పట్టీ వెడల్పు, అంచుల్లోని నికెల్ పంపకం కొలిస్తే ఆ లోహం ఎంత మెల్లగా చల్లారిందో, దాన్ని బట్టి అది ఎంత పెద్ద శకలంలో ఉండేదో అంచనా కట్టవచ్చు. నికెల్ మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా ఈ గీతలు కంటికి కనబడవు. గీతలు లేవని ఉల్కను పారేయడమూ పొరపాటే.

గాలియం, జెర్మేనియం, ఇరిడియం పాళ్లను బట్టి ఇనుప ఉల్కలను జాతులుగా విడదీసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో స్థిరపడింది. ఇందులో అమెరికా శాస్త్రవేత్త జాన్ వాసన్ కృషి పెద్దది. ఈ లెక్కలో ఒక విశేషం తేలింది. ఏ జాతిలోనూ ఇమడని ఒంటరి ఇనుములు చాలా ఉన్నాయి. వాటిని కూడా కలుపుకుంటే ఇప్పటివరకు దొరికిన ఇనుప ఉల్కలు యాభైకి పైగా వేర్వేరు తల్లి శకలాల నుంచి వచ్చి ఉండాలి. సంఖ్యలో అంత పైచేయిగా ఉన్న రాతి ఉల్కలు ఇన్ని మూలాలను చూపించవు. కాబట్టి ఎక్కడో ఒక చేనులో దొరికే కిలో ముద్ద, మరెక్కడా ఆనవాలు మిగలని ఒక లోకపు ఏకైక సాక్ష్యం కావచ్చు.

3. కమ్మరి చేతిలో

ఇనుప ఉల్కలను మొదట సేకరించినవారికి శాస్త్రంతో పనిలేదు, ఇనుముతో పని. ఈజిప్టులో గెర్జె అనే చోట 1911లో తవ్విన సమాధుల్లో ఇనుప పూసలు దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 3200 ప్రాంతం. అప్పటికి ఖనిజం నుంచి ఇనుము తీసే విద్య అక్కడ లేదు. 2013లో వెలువడిన పరీక్షలు అది ఉల్క ఇనుమేనని, పలుచగా కొట్టి రేకుగా చుట్టారని చూపాయి. టుటన్‌ఖామున్ మమ్మీతో దొరికిన బాకులోనూ దాదాపు 11 శాతం నికెల్ ఉందని 2016లో తేలింది.

భారతదేశంలో ఇందుకు చక్కని రాతపూర్వక సాక్ష్యం జహంగీరు చక్రవర్తి స్వీయచరిత్ర. 1621 ఏప్రిల్‌లో జలంధరు పరగణాలో ఒక పల్లెలో పెద్ద చప్పుడుతో వెలుగు దిగిందని, అక్కడి అధికారి నేల తవ్వించి ఇంకా వేడిగా ఉన్న ఇనుపముద్ద తీయించాడని, అది 160 తులాలు తూగిందని అందులో ఉంది. దావూద్ అనే ఉస్తాదుకు ఇచ్చి కత్తి చేయమంటే ముద్ద సుత్తి కింద నిలవక చిట్లిపోయింది. అప్పుడు మూడు వంతుల ఉల్క ఇనుముకు ఒక వంతు మామూలు ఇనుము కలిపి రెండు కత్తులు, ఒక బాకు, ఒక చాకు చేశారు. ఆ చాకు ఇప్పుడు వాషింగ్టన్‌లో ఫ్రీర్ కళా ప్రదర్శనశాలలో ఉంది. సభలోని విద్యార్థులు గమనించదగిన సంగతి ఇది: చక్రవర్తి తేదీ రాశాడు, ఊరి జాడ రాశాడు, తూకం రాశాడు, కొలిమిలో ఏమైందో కూడా రాశాడు. ఐరోపా పండితులు ఆకాశం నుంచి రాళ్లు పడతాయని ఒప్పుకోవడానికి మరో నూట ఎనభై ఏళ్లు పట్టింది.

వాళ్లను ఒప్పించిన కథలోనూ కమ్మరి ఉన్నాడు. సైబీరియాలో క్రాస్నయార్స్క్ దగ్గర కొండ మీద యాకోవ్ మెద్వెదేవ్ అనే కమ్మరికి 1749లో సుమారు 700 కిలోల ముద్ద కనబడింది. లోహంలో పసుపుపచ్చని స్ఫటికాలు పొదిగిన వింత ముద్ద అది. సాగే తెల్లని ఇనుము కాబట్టి పనికొస్తుందని కష్టపడి ఇంటికి చేర్చాడు. 1772లో ఆ దారిన వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు పల్లాస్ దాన్ని చూసి సెయింట్ పీటర్స్‌బర్గుకు పంపించాడు. 1794లో జర్మన్ భౌతికవేత్త క్లాడ్నీ దీన్నీ, ఇలాంటి మరికొన్ని ముద్దలనూ ఆధారం చేసుకుని ఇవి ఆకాశం నుంచి పడినవేనని పుస్తకం రాశాడు. చుట్టుపక్కల అగ్నిపర్వతం లేదు, కొలిమి లేదు, అంత ముద్దను కరిగించే శక్తి అక్కడి మనుషులకు లేదు అన్నది ఆయన తర్కం. అంటే ముద్ద ఎక్కడ దొరికిందో తెలియకపోతే ఆ వాదమే నిలబడేది కాదు.

గ్రీన్‌లాండ్ ఉదాహరణ మరింత లోతైనది. 1818లో జాన్ రాస్ అనే నావికుడు వాయవ్య గ్రీన్‌లాండ్‌లో ఇన్యుయిట్ ప్రజల దగ్గర ఎముక పిడికి చిన్న ఇనుప రేకులు దిగ్గొట్టిన కత్తులు చూశాడు. ఆ ఇనుము కేప్ యార్క్ దగ్గరి ఉల్కలది. వాళ్లు దాన్ని కరిగించలేదు. దూరం నుంచి మోసుకొచ్చిన గట్టి నల్లరాళ్లతో కొట్టి రేకులు ఊడదీశారు. తరతరాలుగా కొట్టి పారేసిన ఆ రాళ్లు ఉల్క చుట్టూ గుట్టలుగా పడి ఉన్నాయి. 1894లో స్థానికుడు దారి చూపగా రాబర్ట్ పియరీ అక్కడికి చేరాడు. 1897 నాటికి మూడు ముద్దలనూ ఓడకెక్కించాడు. వాటిలో పెద్దది, అహ్నిగిటో, 31 టన్నులు. అమెరికా ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల ఆ తరవాత వాటిని 40,000 డాలర్లకు కొన్నది. అహ్నిగిటోను మోసే స్తంభాలు భవనం కింది రాతిపొర దాకా దిగి ఉంటాయి. 1897లో అదే ఓడలో న్యూయార్కు తెచ్చిన ఆరుగురు ఇన్యుయిట్లలో నలుగురు ఏడాది తిరగకుండానే జబ్బుపడి చనిపోయారు. ఉల్క గురించి చెప్పేటప్పుడు ఈ మాట వదిలేయడం ఆనవాయితీ అయింది. అది మంచి ఆనవాయితీ కాదు.

4. చేనులో

కమ్మరి తరవాతి వంతు రైతుది. 1920లో నమీబియాలో గ్రూట్‌ఫాంటైన్ దగ్గర హోబా వెస్ట్ అనే పొలం దున్నుతుంటే నాగలి ఒక లోహానికి తగిలి ఆగిపోయింది. మట్టి తీస్తే మూడు మీటర్లకు కాస్త తక్కువ పొడవు వెడల్పులు, మీటరుకు కాస్త తక్కువ మందం ఉన్న పలక బయటపడింది. బరువు సుమారు 60 టన్నులు, నికెల్ 16 శాతం. లోకంలో తెలిసిన అతి పెద్ద ఒంటి ఉల్క ఇదే. చుట్టూ గొయ్యి ఆనవాలే లేదు కాబట్టి, ఆ నాగలి తగలకపోతే ఏ శాస్త్రవేత్తా అక్కడ వెతికి ఉండేవాడు కాడు. దాన్ని ఎవరూ కదల్చలేకపోయారు. 1955లో జాతీయ స్మారకంగా ప్రకటించారు.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు కథలో నాగలికి తగలడం ఒక్కటే చాలలేదు. 1880లలో హావిలండ్ దగ్గర స్థిరపడిన రైతులకు నల్లని బరువైన రాళ్లు తగులుతుండేవి. రాళ్లే లేని మైదానం కాబట్టి గడ్డివామి మీద, నీళ్ల పీపాల మూతల మీద బరువుకు పెట్టుకునేవారు. ఎలైజా కింబర్లీ అనే రైతు ఇల్లాలు మాత్రం చిన్నతనంలో ఒక ఉల్కను చూసి ఉంది. ఇవీ అవేనని పట్టుబట్టి ఇరుగుపొరుగు నవ్వుతున్నా పోగుచేసింది, పండితులకు ఉత్తరాలు రాసింది. 1890లో ఒక ఆచార్యుడు వచ్చి చూసి కొనుక్కుపోయాడు. బ్రెన్‌హమ్ అనే పేరుతో నేడు ప్రపంచమంతటా ఉన్న ఆ ఉల్కలు కచ్చితంగా చెప్పాలంటే ఇనుము, రాయి కలిసిన రకం. ముక్కలు అందరికీ దొరికాయి, గుర్తుపట్టింది అంతకుముందు ఒకసారి చూసిన కన్ను.

హార్వీ నినింజర్ దీన్నే పద్ధతిగా మార్చాడు. కాన్సస్‌లోనే కళాశాలలో జీవశాస్త్రం చెప్పేవాడు. 1923లో ఒక అగ్నిగోళాన్ని చూశాక ఉద్యోగం కన్నా ఉల్కలే ముఖ్యమనుకున్నాడు. పడిన చోటు వెతుక్కుంటూ పోవడం కన్నా, ఊరూరా తిరిగి బడుల్లో, సభల్లో ఉల్క ముక్కను జనం చేతికిచ్చి చూపించడం మేలని ఆయన గ్రహించాడు. దొరికితే డబ్బిస్తానన్నాడు. ఉల్కలు అరుదని ఆనాటి పండితుల నమ్మకం. నినింజర్ తిరిగిన జిల్లాల్లో అవి అకస్మాత్తుగా ఎక్కువయ్యాయి! ఆకాశం మారలేదు, చూసే కళ్లు పెరిగాయి.

5. ఎవరిది?

కొంచెం వినోదంగా, ఎక్కువ విచారంగా ఉండే ఘట్టం ఇది. 1902లో ఒరెగాన్ రాష్ట్రంలో ఎల్లిస్ హ్యూస్ అనే వలసదారుకు అడవిలో గంట ఆకారపు ఇనుపముద్ద కనబడింది. బరువు 15 టన్నుల పైన. నేల అతనిది కాదు, ఒక ఇనుప కంపెనీది. హ్యూస్ గుట్టుగా చెట్లు నరికి దారి తీశాడు, దుంగలతో బండి కట్టాడు. నేలకు పాతిన కంబానికి తీగతాడు చుట్టి గుర్రాన్ని దాని చుట్టూ తిప్పుతూ ముద్దను లాగించాడు. రోజుకు కొన్ని గజాలే కదిలిన రోజులున్నాయి. మూడు నెలలు కష్టపడి కిలోమీటరు పైచిలుకు దూరాన ఉన్న తన స్థలంలోకి చేర్చి, పాకవేసి, చూడడానికి 25 సెంట్ల టికెట్టు పెట్టాడు.

కంపెనీ దావా వేసింది. హ్యూస్ తరఫున ఆసక్తికరమైన వాదన వచ్చింది: ఇది స్థానిక ఆదివాసులు పూజించి వదిలేసిన వస్తువు, కాబట్టి దొరికినవాడిదే. ఆ ముద్ద గుంటల్లో నిలిచిన వాననీటిని వాళ్లు పవిత్రంగా భావించేవారని సాక్షులూ చెప్పారు. 1905లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, ఉల్క నేలలో భాగం, నేల ఎవరిదో ఉల్క వారిది అని తీర్పు చెప్పింది. తరవాత అది ఒక దాత చేతి మీదుగా న్యూయార్కు ప్రదర్శనశాలకు చేరింది. కోర్టులో సాక్ష్యంగా మాత్రమే పనికొచ్చిన ఆదివాసుల మాటకు 2000లో గాని విలువ దక్కలేదు. ఆ ఏడు కుదిరిన ఒప్పందం ప్రకారం వాళ్లు ఏటా వచ్చి తమ విధి జరుపుకుంటారు.

ఆ గుంటలు కూడా దొరికిన తీరు చెప్పినవే. లోపలి ట్రాయిలైట్ తేమతో కలిసి పుట్టించిన గంధకామ్లం వేల ఏళ్లు తినివేయగా ఏర్పడిన గుంటలవి. అక్కడ గొయ్యి లేదు. మంచుయుగం చివర వచ్చిన మహావరదల్లో మంచుగడ్డల మీద తేలుతూ ఎక్కడి నుంచో ఆ లోయకు కొట్టుకొచ్చిందని నేటి నిర్ణయం.

6. గొయ్యి ఉంది, ఇనుము లేదు

పైవన్నీ ఇనుము దొరికి గొయ్యి లేని కథలు. అరిజోనాలో దీనికి ఎదురు. 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గొయ్యి, చుట్టూ చెదిరిన ఇనుప ముక్కలు. 1891లో గిల్బర్ట్ అనే పేరుపొందిన భూగర్భవేత్త, పెద్ద ముద్ద అడుగున ఉంటే అయస్కాంత సూది వంగాలని కొలిచి చూశాడు. సూది వంగలేదు. ఇది ఉల్క తవ్విన గొయ్యి కాదు, భూగర్భ ఆవిరి పేల్చినది అని తేల్చాడు. 1903లో గనుల వ్యాపారి డేనియల్ బారింజర్ వచ్చి, ఇది ఉల్క గొయ్యే, అడుగున కోట్ల టన్నుల ఇనుము ఉందని కంపెనీ పెట్టి తవ్వడం మొదలుపెట్టాడు. పాతికేళ్ల పైగా తవ్వినా ముద్ద దొరకలేదు. 1929లో ఖగోళవేత్త మౌల్టన్, అంత వేగంతో తగిలిన ఇనుము పేలి ఆవిరైపోతుంది, వెతకడానికి మిగలదు అని లెక్క కట్టి చూపాడు. ఆ ఏడే బారింజర్ గుండె ఆగి చనిపోయాడు.

గిల్బర్ట్‌ది మంచి కొలత, బారింజర్‌ది సరైన నమ్మకం. గొయ్యి అంత ఇనుము గొయ్యి కింద ఉండాలన్న ఊహలో ఇద్దరూ ఒకటే. దాదాపు 50 వేల ఏళ్ల క్రితం పడిన ఆ ఇనుములో చుట్టుపక్కల ఏరుకున్నది సుమారు 30 టన్నులు. కాన్యన్ డియాబ్లో అని పిలిచే ఆ ముక్కల్లోని ట్రాయిలైట్‌లో సీసం ఉంది, యురేనియం దాదాపు లేదు. అంటే సౌరకుటుంబపు తొలినాటి సీసం కలుషితం కాకుండా నిలిచింది. దాన్ని కొలిచి, ఇతర ఉల్కలతో పోల్చి, 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ భూమి వయసు 455 కోట్ల ఏళ్లని చెప్పాడు. గనిగా బారింజర్‌కు పైసా ఇవ్వని ఇనుము ఆ పని చేసింది.

పడుతుండగా చూసి పద్ధతిగా సేకరించిన పెద్ద ఇనుప వర్షం ఒక్కటే: 1947 ఫిబ్రవరి 12 ఉదయం సోవియట్ దూరప్రాచ్యంలో సిఖోటే అలిన్ కొండల మీద పడినది. ఇమాన్ పట్టణంలో మెద్వెదేవ్ అనే చిత్రకారుడు అప్పుడే బొమ్మ వేయడానికి కూర్చున్నాడు. కళ్లముందు ఆకాశం చీల్చుకుపోయిన గోళాన్ని జ్ఞాపకం చెదరకముందే చిత్రించాడు. పదేళ్లకు ఆ బొమ్మ తపాలా బిళ్ళయింది. విజ్ఞాన అకాడమీ బృందాలు ఏళ్ల తరబడి మందుపాతరలు వెతికే పరికరాలతో ఆ కొండలు జల్లెడపట్టి 23 టన్నులకు పైగా సేకరించాయి. వందకు మించిన గుంటల్లో పెద్దది 26 మీటర్ల వెడల్పు. ముక్కలు రెండు రకాలు: గాలిలోనే విడిపోయి బొటనవేలి గుంటలతో నునుపుదేరినవి, నేలను తాకి చిట్లి కత్తుల్లా మొనలు తేలినవి. ఏ ముక్క ఏ గుంటలో దొరికిందో పటం గీసినందువల్లే ఈ తేడా అర్థమైంది.

7. మంచు దాచినది

మనుషుల కళ్లే లెక్కను వంచుతున్నాయంటే, మనుషులు లేనిచోట లెక్క నిటారుగా ఉండాలి. అంటార్కిటికా అలాంటి చోటు. 1969లో జపాను బృందానికి యమాటో కొండల దగ్గర నీలిమంచు మీద తొమ్మిది ఉల్కలు ఒకేచోట దొరికాయి. మంచు కదిలి వచ్చి కొండలకు ఆగి, గాలికి అరిగి, మోసుకొచ్చిన ఉల్కలను పైన వదిలేస్తుందని తేలింది. అప్పటి నుంచి వేలకు వేలు ఏరారు. తెల్లని మంచు మీద నల్లని రాయి, రాతిదైనా ఇనుపదైనా ఒకేలా కనబడుతుంది. పక్షపాతానికి తావులేదనుకున్నారు.

తీరా లెక్కిస్తే అక్కడ ఇనుపవి నూటికి ఒకటి కూడా లేవు. మిగతా ప్రపంచంలో నాలుగైదు శాతం పడుతుండగా అక్కడ ఎందుకు లేవు? 2016లో మాంచెస్టర్ పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. ఇనుము వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. మంచు పైకి చేరబోయే ఇనుప ముక్క మీద, కప్పి ఉన్న తేట మంచులోంచి ఎండ పడగానే, ఆ వేడి అడుగుభాగానికి త్వరగా దిగి కింది మంచును కరిగిస్తుంది. ముక్క అంతమేర కుంగుతుంది. మంచు పైకి తెచ్చేది చలికాలంలో, ముక్క కిందికి దిగేది ఎండాకాలంలో. రాయి వేడిని అంత బాగా దింపదు కాబట్టి పైకి వచ్చేస్తుంది. ఇది నిజమైతే మంచు కింద కొన్ని పదుల సెంటీమీటర్ల లోతులో ఇనుప ఉల్కల పొర ఒకటి ఉండాలి. వెడల్పాటి డిటెక్టర్ పలకలను మంచుబండి వెనక కట్టి ఈడ్చుకుంటూ బ్రిటిష్ బృందం వెతికింది. పైన రాతి ఉల్కలు చాలా దొరికాయి గాని ఆ పొర ఇంకా బయటపడలేదు. మనిషి లేనిచోట కూడా నేల తన జల్లెడ తాను పట్టుకునే ఉందన్నంత వరకు వాదం బలంగానే ఉంది.

2020 నవంబరు 7న స్వీడన్‌లో పడిన ఇనుప ఉల్క మరో దారి చూపింది. ఆకాశాన్ని కాపలా కాసే కెమెరాలు దాని బాటను నమోదు చేయడంతో, నేలమీద దొరికిన ఇనుప ఉల్కల్లో సూర్యుని చుట్టూ తిరిగిన కక్ష్య తెలిసిన మొదటిది ఇదే అయింది. 14 కిలోల ముద్ద బండను కొట్టి ఎగిరి, తాకిన చోటికి దాదాపు 70 మీటర్ల దూరంలో నాచులో దొరికింది. కళ్లకు బదులు కెమెరా చూసినా చివరికి అడవిలో కాళ్లరిగేలా తిరగక తప్పలేదు.

8. సంత, చట్టం, తుప్పు

నేడు ఇనుప ఉల్కలకు పెద్ద సంత ఉంది. నమీబియాలో 275 కిలోమీటర్ల పొడవునా చెదిరిన గిబియన్ ముక్కలు, అర్జెంటీనా కాంపో డెల్ సియెలో ముక్కలు గ్రాముల లెక్కన అమ్ముడవుతాయి. నమీబియా తన ఉల్కలను చట్టంతో కాపాడుకుంటోంది. రాజధాని విండ్‌హోక్ నడిబజారులో ముప్పై వరకు గిబియన్ ముద్దలను స్తంభాల మీద నిలిపారు. అర్జెంటీనాలో ఆ పొలాలు 1576 నుంచే స్పానిష్ అధికారులకు తెలుసు. అక్కడ 30 టన్నుల గాన్సెడో ముద్ద 2016లో గాని నేల వదలలేదు. వ్యాపారులను తిట్టడం తేలిక. కానీ వాళ్ల డిటెక్టర్లు లేకపోతే ఈ ఇనుములో చాలా భాగం ఇంకా మట్టిలోనే ఉండేది. వాళ్లు చెరిపేసేది ఇనుమును కాదు, దాని ఊరిపేరును. ఎక్కడ, ఎంత లోతున, ఏ ముక్క పక్కన దొరికిందో రాయకుండా సంతకు చేరిన ముద్దకు ధర ఉంటుంది గాని సగం విలువే మిగులుతుంది.

ఇంటికి తెచ్చుకున్నాక తుప్పు మొదలవుతుంది. నేలలోని క్లోరైడు పగుళ్లలోకి చేరి, తేమ తగిలినప్పుడల్లా లోపలి నుంచి ఇనుమును తింటుంది. తుప్పు నీటి బొట్లు చెమటలా తేలితే ఆ ముక్క చిట్లిపోయే దారిలో ఉన్నట్టే. కోస్తా జిల్లాల గాలిలో ఇది మరీ వేగం. నీటితో కడగకుండా ఆల్కహాలుతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచాలి. నూనె రాసి అరమీద పెట్టడం చాలదు.

తెలుగు నేలకు ఈ కథలో సొంత వాటా ఉంది. 1870 జనవరి 23న అప్పటి విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురం సమీపంలోని నెడగొల్ల దగ్గర ఇనుప ఉల్క పడింది. దొరికినది 4.6 కిలోలు. ప్రపంచం మొత్తం మీద పడుతుండగా చూసిన యాభై ఇనుములలో ఇదొకటి కావడమే గొప్ప. పైగా అది ఏ జాతిలోనూ ఇమడనిది, రెండో భాగంలో చెప్పిన ఒంటరి ఇనుముల కోవలోది. తమిళనాడులో 1898లో దొరికిన సుమారు 16 కిలోల కొడైకెనాల్ ఉల్క మరో వింత: దాని లోహంలో చిక్కిన రాతి గింజల వయసు 370 కోట్ల ఏళ్లే. మిగతా ఇనుముల కన్నా ఎంతో చిన్నది కాబట్టి ఆలస్యంగా తగిలిన ఒక పెద్ద దెబ్బకు అది సాక్ష్యం. రాజస్థాన్‌లో 1921లో పడిన సమేలియా కూడా ఇనుపదే. ఇంత విశాలమైన దేశంలో ఇనుప ఉల్కల జాబితా ఇంత పొట్టిగా ఉండడానికి వానలు, దున్నకం, కొలిమి మూడూ కారణాలే. దొరికిన ఇనుము దాగలి మీదికి పోయే సంప్రదాయం ఇక్కడ పాతది.

కొత్తగా ఏదైనా దొరికితే చేయవలసిన పని కొద్దిదే. కడగకూడదు, వేడి చేయకూడదు, ముక్కలు కొట్టకూడదు. దొరికిన గుంటను కదల్చకముందే ఫొటో తీసి, పక్కన కొలబద్ద పెట్టి, చోటు గుర్తు రాసుకోవాలి. భారతదేశంలో ఉల్కలను పరీక్షించి భద్రపరిచే బాధ్యత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థది, వారి జాతీయ సేకరణ కలకత్తాలో ఉంది. పరీక్షలో నిలిచిన ముక్కకు అంతర్జాతీయ ఉల్కా సంఘపు నామకరణ సంఘం పేరు ఖాయం చేస్తుంది. అందుకు 20 గ్రాములు గాని, మొత్తం బరువులో ఐదో వంతు గాని, ఏది తక్కువైతే అది గుర్తింపు ఉన్న సంస్థలో శాశ్వతంగా దాచాలి. దొరికినవారి పేరు, కొన్నవారి పేరు ఉల్కకు పెట్టరు. దొరికిన చోటికి దగ్గరలో ఉన్న ఊరి పేరో, వాగు పేరో, కొండ పేరో పెడతారు.